జేబులో ఫ్యూజు

తారు అయిపోయి కంకర మొదలయ్యే చోట ఆయన రోజూలాగే జీపు ఆపాడు. రోజూలాగే కాలి చెప్పు జారిపోయినట్టు నటించి వంగాడు. స్టీరింగు కింద, కుడి మోకాలికి తగిలే చోట, ఒక నల్ల మూత ఉంటుంది. అది ఊడదీసి, వేళ్లతో తడిమి, పై వరసలో మూడోదాన్ని పట్టుకుని లాగాడు. గోరంత ఎర్ర ప్లాస్టిక్ ముక్క, దానికి రెండు ఇనుప కాళ్లు. దాన్ని చొక్కా జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకున్నాడు. మూత నొక్కేశాడు. ఎవరైనా ఒకసారి దగ్గి గొంతు సవరించుకునేలోపు పని అయిపోయింది.

"దొరికిందా బాబాయ్ చెప్పు?" అని వెనక సీట్లోంచి వంటావిడ అడిగింది. కొండమీద క్వారీలో అరవైమందికి వండిపెట్టే మనిషి. నోరు ఒక్క క్షణం ఊరుకోదు. "దానికి ఓ తాడు కట్టి మెళ్లో వేసుకోరాదూ? మూడు నెలల్నుంచి చూస్తున్నా, సరిగ్గా ఇక్కడే జారుతుంది!"

జీపులో ఉన్న పదిమందీ నవ్వారు. "దొరికిందమ్మా" అని ఆయనా నవ్వి గేరు వేశాడు.

ఆయన్ని అందరూ నిదానం బాబాయ్ అంటారు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ కొండమీదికి మనుషుల్ని ఎక్కించి దించుతున్నాడు. బండికి గీత పడలేదు, మనిషికి గోరు విరగలేదు. నడుస్తూ పోయేవాడు కూడా ఆయన జీపుని దాటెయ్యగలడని, కొత్తగా పెళ్లైనవాళ్లు ఆయన బండెక్కితే కొండ దిగేసరికి పిల్లలు పుడతారని, అలాంటి జోకులు క్వారీలో బోలెడు. ఆయన ఏదీ పట్టించుకోడు. అబ్బో, ఎంత ఓర్పు, ఎంత నెమ్మది అని కొత్తవాళ్లు మెచ్చుకుంటారు.

నిజం చెప్పాలంటే అది ఓర్పూ కాదు, నెమ్మదీ కాదు. భయం. వట్టి భయం. మొదటి రోజు ఈ కొండెక్కినప్పుడు పట్టుకున్న భయం ఇవాళ్టిదాకా వదల్లేదు. పొద్దున మొదటి ట్రిప్పు అయ్యేదాకా ఆయన పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టడు, తిన్నది లోపల నిలవదు గనక. స్టీరింగు పట్టుకునే ముందు రెండు చేతులూ ప్యాంటుకి తుడుచుకుంటాడు, చెమట గనక. ఛాతీ మీద ఎవరో పీట వేసుకుని కూర్చున్నట్టు ఉంటుంది. కొండ దిగి తారు ఎక్కాక లేచిపోతారు. ఈ సంగతి కట్టుకున్న భార్యకి కూడా చెప్పలేదు. డ్రైవరు పని చేసుకునేవాడు రోడ్డంటే భయమని ఎవరితో చెప్పుకుంటాడు?

పాత జీపు ఉన్నన్నాళ్లు ఆ భయాన్ని ఎలాగో సర్దుకుని బతికాడు. దాని బ్రేకు ఆయన కాలికి తెలుసు. తొక్కితే చక్రాలు బిగుసుకునేవి, కంకర కరకరమని ముందుకి నెట్టుకుపోయి కుప్పపడేది, బండి ఆ కుప్పకి ఆనుకుని కూర్చునేది. మూడు నెలల కిందట కంపెనీ దాన్ని పాత ఇనుములో కలిపేసి ఈ తెల్లబండి ఇచ్చింది. కొత్తది, మెత్తటి సీట్లు, చల్లగాలి, ఏబీయస్ బ్రేకులు. క్వారీ అంతా వచ్చి చుట్టూ తిరిగి చూసి వెళ్లింది.

నాలుగో రోజు సాయంత్రం ఇదే పదిమందితో కొండ దిగుతున్నాడు. దారి మధ్యలో మోకాలి మలుపని ఒకటుంది. మడిచిన మోకాలిలాగే ఉంటుంది. దానికి ముందు ఏటవాలుగా నూరు గజాల తిన్నటి దారి, మలుపు అంచున గోడా లేదు కట్టా లేదు, కింద ఎప్పుడో తవ్వి వదిలేసిన పెద్ద గొయ్యి, దాన్నిండా పచ్చటి నీళ్లు. ఎప్పుడూ తొక్కే చోటే బ్రేకు తొక్కాడు. పెడల్ కాలికింద గోనెసంచిలో వేసిన కోడిలాగా కొట్టుకుంది. బండి మాత్రం ఆగలేదు. బఠాణీల మీద పీటలాగా జారుతూ పోయింది. ఆయన ఇంకా గట్టిగా తొక్కాడు, అది ఇంకా గట్టిగా కొట్టుకుంది. అంచుకి రెండు జానల దూరంలో ఆగింది.

వెనక ఎవరికీ తెలియలేదు. వంటావిడ తన కోడలు పాలు పొంగబెట్టిన కథ చెబుతూనే ఉంది. ఆయనకి మాత్రం పైప్రాణాలు పైనే పోయాయి. ముందు అద్దం నిండా పచ్చనీళ్లే కనబడుతున్నాయి. గేరు వెనక్కి వెయ్యడానికి చెయ్యి ఆడక, నిమిషం పాటు అలాగే కూర్చుండిపోయాడు.

"ఏం బాబాయ్, చేపలు పడుతున్నావా?" అన్నారెవరో.

ఆ సాయంత్రమే షెడ్డులో బళ్లు బాగుచేసే మేస్త్రీ దగ్గరికి వెళ్లాడు. మేస్త్రీ, ఆయనా ఒకేసారి కంపెనీలో చేరినవాళ్లు.

"దాని తప్పేం లేదురా" అన్నాడు మేస్త్రీ, చేతులకున్న గ్రీజు గుడ్డపేలికతో తుడుచుకుంటూ. "చక్రం బిగుసుకోకుండా చూడటమే దాని పని. నువ్వు తొక్కుతావు, అది వదుల్తుంది, పడుతుంది, మళ్లీ వదుల్తుంది. కన్ను మూసి తెరిచేలోపు బోలెడుసార్లు. తడి తారు మీద చూడు, దానికి దణ్ణం పెడతావు. ఎంత గట్టిగా తొక్కినా బండి నువ్వు తిప్పినవైపే పోతుంది. కంకర మీద కథ వేరు. అక్కడ చక్రం బిగుసుకుంటేనే రాళ్లు కుప్పపడేది. ఇదేమో బిగుసుకోనివ్వదాయె. ఇంక కుప్పెక్కడ, ఆగడమెక్కడ?"

"ఆపెయ్యడానికి మీటేదన్నా ఉందా?"

"కొన్ని బళ్లకి ఉంటుంది, దీనికి లేదు." మేస్త్రీ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఫ్యూజు ఉంది. పై వరసలో మూడోది. పీకితే పాత బండే. నేను చెప్పానని మాత్రం ఎక్కడా అనకు. తారు ఎక్కగానే మళ్లీ పెట్టెయ్యి, మర్చిపోకు. పీకితే ముందర పసుపు దీపం వెలుగుతుంది, దానిమీద కూడా ఏదో ఒకటి అంటించు."

అలా అంటించిన గోరంత నల్లటేపు ముక్క నల్లటి అద్దం మీద ఎవరికీ కనబడదు. కనబడితే ఏమవుతుందో కూడా ఆయనకి తెలుసు. కిందటేడు ఒక లారీ డ్రైవరు ఇదే పని చేసి దొరికిపోతే, కంపెనీలో రూళ్లు చూసే సేఫ్టీ సారు ఆ పూటే ఇంటికి పంపించేశాడు. ఫ్యూజు పీకడం మొదలుపెట్టినప్పట్నుంచి ఆయనకి భయాలు రెండయ్యాయి. ఫ్యూజు ఉంటే గొయ్యి భయం, లేకపోతే సారు భయం.

ఇవాళ్టితో రెండూ తీరిపోవాలి. నెల కిందట కంపెనీ డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, "కొండ పని ఇంక వద్దు" అన్నాడు. రేపట్నుంచి రెండు వారాలు సెలవు, ఆ తర్వాత గేటు దగ్గర కుర్చీ. వినగానే ఆయనకి నెత్తిన పాలు పోసినట్టైంది. సరిగ్గా ఒక్క పూట. మర్నాడు కూతురు ఎగురుకుంటూ వచ్చింది. రెండేళ్లుగా కంపెనీ ఆఫీసు బస్సు నడుపుతోంది ఆ పిల్ల. "నాన్నా, నీ బండి నాకే ఇచ్చారు! నేనే అడిగాను!" అంది. ఆయన గుండెల్లో రాయి పడింది.

ఆ రాయి నెల రోజులుగా అక్కడే ఉంది. తన భయం తనతో పోతుందనుకుంటే, బిడ్డ దాన్ని అడిగి మరీ తెచ్చుకుంది. ఫ్యూజు సంగతి చెప్పాలి. కంకర దగ్గర పీకెయ్యమ్మా, తారు దగ్గర పెట్టెయ్యమ్మా, అంతే, రెండే ముక్కలు. కానీ చెబితే ఎందుకని అడుగుతుంది. మూడు నెలలుగా రూలు తప్పుతున్నాననీ, అదీ భయంతోననీ కన్నకూతురికి ఏ నోటితో చెబుతాడు? రేపు, రేపు అంటుండగానే చివరి రోజు వచ్చి కూర్చుంది.

మధ్యాహ్నం వాన మొదలైంది. నాలుగింటికి దిగే వేళకి కంకర తడిసి నల్లబడింది. వంటావిడ గిన్నెలన్నీ కడిగి బోర్లించి, అందరికంటే చివర ఎక్కింది.

"బాబాయ్, ఇవాళ ఆఖరుసారి. కాస్త జోరుగా పోనీ, చచ్చేలోపు ఆ ముచ్చటా తీరుతుంది."

"అపశకునం మాటలు మాట్లాడకమ్మా" అన్నాడాయన. మామూలుగా ఆయన మాటకి మాట అనడు.

మొదటి గేరులో దింపాడు. మోకాలి మలుపు ముందు తిన్నటి దారిలోనే, మలుపు ఇంకా ఇరవై గజాలుందనగా, బ్రేకు తొక్కాడు. చక్రాలు బిగుసుకున్నాయి. కరకరమని కంకర కుప్పపడింది, బండి కూర్చుంది. కాలు తీశాడు. అప్పుడు తిప్పాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన నేర్చుకున్నదంతా ఇంతే: ఆగాక తిప్పు, తిప్పుతూ ఆపకు. చక్రం బిగుసుకున్నప్పుడు స్టీరింగు ఎటు తిప్పినా ఒకటే, బండి తన ముక్కు ఎటుంటే అటే పోతుంది. పచ్చనీళ్ల మీద వాన చినుకులు పడుతుండగా ఒక్కసారి చూసి తల తిప్పుకున్నాడు. ఎడం చెయ్యి మోచేతి దాకా తిమ్మిరెక్కింది. స్టీరింగు బిగబట్టి పట్టుకున్నందుకే అనుకున్నాడు.

తారు మొదలయ్యే చోటికి వచ్చేసరికి అక్కడ గొడుగు వేసుకుని సేఫ్టీ సారు నిలబడి ఉన్నాడు.

"ఆఖరి ట్రిప్పు కదా, మీతో వద్దామని" అంటూ గొడుగు మూసి, ముందు సీట్లో కూర్చున్న మనిషిని వెనక్కి పంపి, తను ఎక్కి కూర్చున్నాడు.

ఆయన రోజూలాగే చెప్పు కోసం వంగాడు.

"ఏం పడింది? ఉండండి, నేను తీస్తాను" అని సారు కూడా వంగాడు. ఇద్దరి తలలూ స్టీరింగు కింద దాదాపు ఢీకొన్నాయి. నల్ల మూత సారు ముక్కుకి జానెడు దూరంలో ఉంది.

"ఏం లేదు సార్, ఏం లేదు" అని ఆయన నిటారుగా లేచి కూర్చున్నాడు.

"కాలి చెప్పు సార్" అని వెనకనించి వంటావిడ అందించింది. "రోజూ ఇక్కడే పారేసుకుంటాడు. ఈ చోటుతో ఆయనకేదో లెక్కుంది!"

అందరూ నవ్వారు, సారు కూడా నవ్వాడు. ఆయన మాత్రం జేబులో ఫ్యూజు చొక్కా గుడ్డలోంచి ఎర్రగా కనబడుతుందేమోనని ఎడంచేత్తో గుండె మీద రాసుకున్నాడు. తడి తారు మీద నాలుగు కిలోమీటర్లు సైకిలు వేగంతో నడిపాడు. గుండ్రాళ్ల మీద గుడ్లబుట్ట తీసుకెళ్లేవాడికి కూడా అంత జాగ్రత్త ఉండదు.

"చూశారా" అని సారు వెనక్కి తిరిగి అందరికీ చెప్పాడు. "నడపడమంటే ఇదీ."

ఆఫీసులో టీ ఇచ్చారు, ఒక గోడగడియారం ఇచ్చారు. సారు బండి తాళం ఆయన చేతుల్లోంచి తీసుకుని, అందరూ చప్పట్లు కొడుతుండగా, కూతురి చేతిలో పెట్టాడు. ఆ పిల్ల యూనిఫాం ఇస్త్రీ చేసుకుని వచ్చింది. కళ్లు మెరుస్తున్నాయి. తనే బండిని తీసుకెళ్లి షెడ్డులో పెట్టింది. ఆయన వెనకే నడిచాడు.

"ఒక్కసారి... లోపల చూసొస్తా" అన్నాడు.

"ఇంకా ఏం బండండీ బాబూ" అని సారు భుజం మీద చెయ్యి వేసి ఇటు తిప్పాడు. "ఇంటికెళ్లి హాయిగా పడుకోండి." వాచ్‌మన్ షట్టరు లాగి తాళం వేశాడు. ఆ చప్పుడు ఆయన ఒంట్లో మోగింది.

ఇల్లు రెండు గదులు. ముందుగదిలో కిటికీ పక్కన ఆయన మంచం. వానకి బయట ఆరేసే వీల్లేక భార్య గదంతా తాళ్లు కట్టి బట్టలు ఆరేసింది. వాటికింద వంగి వంగి తిరుగుతూ అన్నాలు వడ్డించింది. గోడగడియారాన్ని మేకుకి తగిలించేదాకా ఉండనీ అని కిటికీ గట్టు మీద నిలబెట్టింది.

"నువ్వూ మీ నాన్నలాగా నిదానంగానే పోవాలి, తెలిసిందా?" అంది భార్య కూతురితో.

"నాన్న పద్ధతి వేరే అమ్మా, పాతకాలం. మాకు ట్రైనింగులో ఏం చెప్పారో చూడు." తిన్న చెయ్యి కడుక్కుని వచ్చి, పీట మీద కూర్చుని, కాలు గోడకి ఆనించింది. గాలిలో స్టీరింగు పట్టుకుంది. "ఏదైనా అడ్డం వచ్చిందనుకో, ఫట్‌మని పూర్తిగా తొక్కెయ్యాలి. కాలు తియ్యనే కూడదు. అలా తొక్కిపట్టి, స్టీరింగు ఇలా తిప్పెయ్యాలి. అదే తప్పించుకుంటుంది. రెండొందలసార్లు చేయించారు. ఇప్పుడు నిద్రలో లేపినా కాలు అలాగే పడుతుంది."

ఆయన చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

"మలుపులో కూడానా?" అన్నాడు.

"మలుపులోనే నాన్నా దాని ఉపయోగమంతా! పెడల్ కాలికింద వణుకుతుంది, దానికి భయపడకూడదు. వణికిందంటే పనిచేస్తోందన్నమాట."

"వణక్కపోతే?"

"ఎందుకు వణకదు? కొత్త బండి."

గోడకి ఆనించిన ఆ పాదాన్ని ఆయన చూస్తూ ఉండిపోయాడు. చిన్నప్పుడు మడమ మీద గాజుపెంకు గుచ్చుకున్న మచ్చ ఇంకా ఉంది. ఆ పాదం మోకాలి మలుపులో పూర్తిగా తొక్కుతుంది. ఫ్యూజు లేని చక్రాలు బిగుసుకుపోతాయి. పిల్ల ఎంత తిప్పినా బండి తిప్పినవైపు రాదు, ముక్కు ఎటుంటే అటు, తిన్నగా, పచ్చనీళ్లవైపు పోతుంది. వెనక పదిమంది. ఇన్నాళ్లూ పిల్లకి ఫ్యూజు పీకడం నేర్పాలని మథనపడ్డాడు. దాని కాలికి మప్పింది వేరు. ఆ కాలికి ఆ ఫ్యూజు ఉండితీరాలి, ఉంటేనే బండి తిప్పినవైపు పోతుంది. అదేమో తన జేబులో ఉంది.

"అమ్మాయ్" అన్నాడు.

"ఊఁ?"

"ఆ బండి..."

"సారు ఇవాళ ఏమన్నాడో తెలుసా?" కూతురు వాళ్లమ్మవైపు తిరిగింది. "ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క రూలు తప్పని మనిషి మీ నాన్న అన్నాడు. అందరి ముందూ! నాకు ఏడుపొచ్చేసింది." ఆ మాట చెబుతుంటే మళ్లీ కళ్లు తుడుచుకుంది.

ఆయన ఆలోచన మార్చుకున్నాడు. పొద్దున్నే తనూ షెడ్డుకి వెళ్తే సరిపోతుందనుకున్నాడు. తండ్రి కూతుర్ని మొదటి రోజు పంపడానికి వస్తే ఎవరేమంటారు? బండెక్కి, చెప్పు కోసం వంగి, పెట్టేస్తే ఒక దగ్గంత పని. ఎవరికీ చెప్పక్కర్లేదు.

"పొద్దున నేనూ వస్తా, షెడ్డు దాకా. నన్ను లేపు."

"సెలవులో ఉన్నావు నాన్నా, ఇంకా షెడ్డేమిటి?"

"లేపమన్నానా! నన్ను లేపకుండా బండి ముట్టుకోకు. ఒట్టెయ్యి."

ఆ గొంతుకి తల్లీకూతుళ్లిద్దరూ ఆయనవైపు తిరిగారు. "సరే, ఒట్టు. లేపుతాను" అంది కూతురు నవ్వి.

చొక్కా విప్పి, ఎప్పుడూ తగిలించే మేకుకి కాకుండా, పడుకుంటే ఎదురుగా కనబడేలా మంచం పక్క మేకుకి తగిలించాడు. గోడవైపు తిరిగి పడుకుని దాని జేబువంక చూస్తూ ఉన్నాడు. ఛాతీ మీద పీట వేసుకుని కూర్చునే ఆ మనిషి మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఈసారి బరువు ఎక్కువగా ఉంది. చెయ్యి తిమ్మిరి భుజం దాకా పాకింది, ఒళ్లంతా చెమట పట్టింది. ఆయనకి ఇది కొత్త కాదు. ముప్పై ఒక్క ఏళ్లుగా రోజూ పొద్దున ఉండేదే, భయం అంటే ఇలాగే ఉంటుంది. పొద్దున ఫ్యూజు పెట్టేస్తే అదే పోతుందనుకున్నాడు. పక్కగదిలో ఉన్న వాళ్లని పిలవలేదు.

తెల్లవారుజామున ఐదింటికి కూతురు యూనిఫాం వేసుకుని వచ్చి మంచం దగ్గర నిలబడింది. వాన ఇంకా కురుస్తూనే ఉంది.

"నాన్నా... నాన్నా."

"ష్! లేపకే" అంది తల్లి, టీగ్లాసు అందిస్తూ. "నేను కాపురానికొచ్చాక ఆయన నాకంటే ముందు లేవని రోజు లేదు. ఇవాళొక్కరోజన్నా పడుకోనీ."

"ఒట్టు వేయించుకున్నాడే."

"నీ ఒట్టు నా నెత్తినేసుకుంటాలే. లేచాక నన్ను తిడతాడు, పడతాను. వెళ్లు, వానలో ఆలస్యమవుతుంది."

కూతురు ఒక్క క్షణం తటపటాయించింది. దుప్పటి బయటికి వచ్చిన పాదం మీదికి దుప్పటి లాగింది. "సందు చివర్నించి పోయేటప్పుడు రెండుసార్లు హారన్ కొడతాను. విని లేస్తాడు" అని చెప్పులు వేసుకుని, గొడుగు విప్పి వెళ్లిపోయింది.

ఆయన ప్రాణం అప్పటికి రెండు గంటల ముందే పోయింది. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

భార్య అడుగుల చప్పుడు కాకుండా తిరుగుతూ, మాసినవన్నీ పోగుచేసింది. మేకుకున్న చొక్కా తీసి బకెట్లో వెయ్యబోతూ అలవాటుగా జేబు తడిమింది. బొత్తాం విప్పితే చేతిలోకి ఒక ఎర్రటి ముక్క వచ్చింది. దీపం దగ్గర తిప్పి తిప్పి చూసింది. బండిదేదో అయ్యుంటుంది, పారేస్తే మళ్లీ ఇల్లంతా పీకి పందిరేస్తాడు అనుకుంది. జాగ్రత్తగా కిటికీ గట్టు మీద కొత్త గడియారం పక్కన పెట్టింది. లేచాక అడగొచ్చు.

సందు చివర జీపు హారన్ రెండుసార్లు మోగింది. ఆవిడ మంచంవైపు చూసి, ఇంకా లేవలేదని నవ్వుకుని, బకెట్టు ఎత్తుకుని పెరట్లోకి వెళ్లింది. జీపు చప్పుడు కొండవైపు పోయి వానలో కలిసిపోయింది. కిటికీలోంచి కొడుతున్న తుంపరకి, గడియారం పక్కన, గోరంత ఎర్ర ఫ్యూజు మెల్లగా తడుస్తోంది.